స్టూలు కిర్రుమంది

మా బృందం పేరు మసి. పేరుకు తగ్గట్టే నలుగురం నల్లబట్టలు వేసుకుంటాం, కళ్ళచుట్టూ కాటుక పులుముకుంటాం, సమాధుల గురించీ ఆరిపోయిన దీపాల గురించీ తిరిగిరాని వాళ్ళ గురించీ పాడతాం. దీన్ని గోతిక్ రాక్ అంటారు. మా పెద్దమ్మ మాత్రం ‘ఆ ఏడుపు పాటలు’ అంటుంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఏడుపు పాటలే అయినా మా రికార్డింగు మాత్రం ఆదివారం పగటిపూట, బయట ఎండ ఫెళ్ళున కాస్తుండగా జరుగుతుంది. చీకటి సంగీతం చేసేవాళ్ళు చీకట్లోనే మేలుకుని ఉంటారని జనం అనుకుంటారు. మాకంత భాగ్యం ఎక్కడిది? మా డ్రమ్మరు రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే లేచి పిండి కలపాలి కాబట్టి పొద్దుగూకేసరికి అతని కళ్ళు మూతలు పడతాయి. అతన్ని ఉరుము అంటాం. డ్రమ్ములు అలా వాయిస్తాడని కాదు, పాటకీ పాటకీ మధ్య పెట్టే గురకకు ఆ పేరొచ్చింది. బేస్ గిటారు మా వదినది. రైల్వేస్టేషనులో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. బావిలోంచి వచ్చినట్టుండే గంభీరమైన గొంతు. పాడేది నేను. వారమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో జనం ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి ‘ఇదా, అదా? ఏది బాగా కనిపిస్తోంది?’ అని అడుగుతుంటాను. నాది సన్నటి గొంతు. చిన్నప్పటినుంచీ అన్నయ్య నన్ను పిట్టా అనే పిలుస్తాడు.

ఇక అన్నయ్య. పాటలు కట్టేదీ, గిటారు వాయించేదీ, రికార్డు చేసేదీ, చివరికి అన్నిటినీ కలిపి మిక్స్ చేసేదీ అతనే. మిగతా రోజుల్లో గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే షెడ్డులో ఇనుము కోస్తాడు. గ్రైండరు కింద నిప్పురవ్వలు ఎగురుతుంటే దాని రొదలోనే కూనిరాగాలు తీసుకుంటాడు. ‘చెవుల్లో దూదైనా పెట్టుకోరా’ అని అమ్మ బతికినన్నాళ్ళూ అరిచింది. దూది పెట్టుకుంటే ఇనుము ఎక్కడ తెగిందో తెలియదని అతని వాదన.

జీవితంలో ఒక్క ఆల్బమ్ అయినా చేయాలన్నది అన్నయ్య పట్టుదల. తొమ్మిది పాటలు అనుకున్నాం. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది ఖాళీ ఇంట్లో దానంతట అదే కుట్టుకునే మిషను గురించిన పాట. అది అమ్మ పాట. అలాగని అన్నయ్య చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ దర్జీపని చేసి మా ఇద్దరినీ పెంచింది. ఆవిడ పోయి ఆరేళ్ళవుతోంది. ఆ పాటను అన్నయ్య అన్నిటికన్నా వెనక్కి నెట్టుకుంటూ వచ్చాడు. ముందు మిగతావన్నీ బాగా కుదరాలట.

ఆ కుదరడం దగ్గరే వచ్చింది అసలు చిక్కు.

మా స్టూడియో పరుపుల దుకాణం మీది గది. కింద అంతా దూది కాబట్టి మా గోల ఎవరికీ వినబడదు. మొదట్లో ఆ గది మన సంగీతానికి తగ్గట్టుండాలని మూసేసిన సినిమాహాలు నుంచి నల్ల వెల్వెట్ తెరలు తెచ్చి నాలుగు గోడలకూ కట్టాం. కిటికీలకైతే రెండేసి వరసలు. ఎర్రబల్బు వేసుకుని అద్దంలో చూసుకుంటే మమ్మల్ని చూసి మేమే జడుసుకున్నాం. తీరా వాయిస్తే ఆ తెరలు చప్పుడునంతా తాగేశాయి. చావు గురించి పాడదామని కూర్చుంటే ముందు పాటే చచ్చింది. ఉరుము ఇత్తడి తాళం మీద కొడితే తడిగుడ్డ మీద గరిటెతో కొట్టినట్టుంది.

“మొద్దుగా ఉంది. తియ్యండి సగం,” అన్నాడు అన్నయ్య.

సగం తీశాం. పాటలో కాస్త ప్రాణం వచ్చిందని మేం ముగ్గురం సంతోషించాం. అన్నయ్య ముఖం మాత్రం విప్పారలేదు. ఇంకా మొద్దుగానే ఉందన్నాడు. తెరలన్నీ పీకేశాం. గదిలోకి ఎండ దూకింది, గోడలు ఖంగుమన్నాయి. అయినా “దుప్పటి కప్పుకుని పాడినట్టుంది” అని గొణుక్కుంటూ మిక్సింగులో సన్నటి చప్పుళ్ళ పదును పెంచాడు. మరుసటి ఆదివారం ఇంకాస్త పెంచాడు. మాకు చెవులు జివ్వుమంటున్నాయి. అయినా ఎవరం నోరెత్తలేదు. అతను ఏదో ఆలోచించే చేస్తున్నాడనుకున్నాం. అన్నయ్య పని మీద మాకంత గురి.

నాతో పెట్టుకున్న గొడవ వేరు. ఎనిమిదో పాటలో ‘సగం కాలిన సాయంత్రమా, సాగిపో’ అని ఒక చరణం ఉంది. అది నాచేత ఎన్నిసార్లు పాడించాడో లెక్కలేదు.

“స తినేస్తున్నావు పిట్టా. అగం కాలిన ఆయంత్రమా అన్నట్టుంది.”

“శుభ్రంగా పలుకుతున్నా అన్నయ్యా!”

“ఏమో, నాకైతే వినబడట్లేదు. ఇంకా గట్టిగా.”

నాకు ఒళ్ళు మండింది. ప్రతి సకారాన్నీ పళ్ళబిగువున బుస్సుమని వదిలాను. బట్టీనుంచి వచ్చిన అలసటతో మూలన కునుకుతున్న ఉరుము ఉలిక్కిపడి లేచి, “పామా?” అని కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. అన్నయ్య మాత్రం తల ఊపి, “ఇప్పుడు పర్లేదు” అన్నాడు.

నా కోపం ఆ ఒక్క సకారం మీదే కాదు. అన్నయ్య నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ లోపల కుతకుతలాడుతూనే ఉన్నాను. వెనకనుంచి పిలిస్తే పలకడు. ఫోన్ చేస్తే ‘ఆఁ, ఆఁ, సరే’ అని పెట్టేస్తాడు. అదే వదిన అవతలి గదిలోంచి ఒక్కమాటంటే చాలు, ఠక్కున లేచి వెళ్తాడు. పెళ్ళాం మాట చెవికెక్కుతుంది, చెల్లెలి మాట గాలికి పోతుంది, లోకంలో అన్నయ్యలందరూ ఇంతే కాబోలు అని మూతి ముడుచుకుని తిరిగాను. వదిన మంచిది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏనాడో కొట్టుకునేవాళ్ళం.

అయినా అతన్ని పూర్తిగా వదులుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. అది ఆ కిర్రు.

అన్నయ్య గిటారు వాయించేటప్పుడు అమ్మ స్టూలు మీద కూర్చుంటాడు. మిషను ముందు అమ్మ కూర్చునే గుండ్రటి చెక్క స్టూలు. అమ్మ పెడలు తొక్కుతుంటే ముందుకీ వెనక్కీ ఊగి కిర్రు, కిర్రుమనేది. మా చిన్నతనమంతా ఆ చప్పుడులోనే గడిచింది. అది ఆగిందంటే అమ్మ లేచిందని, ఇక అన్నం పెడుతుందని అర్థం. పాటల్లో గిటారు వెనకాల సన్నగా, తాళానికి సరిగ్గా సరిపోతూ అదే కిర్రు వినిపించేది. ఒకటి రెండు కాదు, ఎనిమిది పాటల్లోనూ. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మను పాటల్లో దాచిపెట్టాడు, నాతో కూడా చెప్పకుండా దాచిపెట్టాడు అనుకున్నాను. మా ఇంట్లో అలాంటి మాటలు పైకి అనుకునే అలవాటు లేదు. అందుకే నేనూ అడగలేదు. ఎన్ని కోపాలున్నా ఆ కిర్రు వింటే కడుపు చల్లబడేది.

తొమ్మిదో పాట మొదలుపెట్టేముందు అయినవన్నీ ఒకసారి వరసగా విందామని అన్నయ్య అందరినీ కూర్చోబెట్టాడు. ఉరుము బట్టీనుంచి వేడివేడి రొట్టె తెచ్చాడు. కిటికీ తలుపులు తెరిచి, నేలమీద కూర్చుని తుంచుకుని తింటూ విన్నాం. మూడో పాట మొదట్లో గిటారు ఎత్తుకునేముందు కాస్త నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో రెండుసార్లు కిర్రు వచ్చింది.

ఉరుము చప్పట్లు కొట్టాడు. “ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరిస్తుందన్నా. ఆ శవపేటిక మూత చప్పుడు ఎక్కడ పట్టారు?”

“ఏ చప్పుడు?” అన్నాడు అన్నయ్య.

“అదే, ఆ కిర్రు.”

“శవపేటికేంటి?” అంది వదిన. “పాత గేటు కదా అది? మీ షెడ్డులో రికార్డు చేశారనుకున్నాను.”

అన్నయ్య మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. “ఆటపట్టిస్తున్నారా?”

ఎవరూ నవ్వలేదు. అతను పాటను వెనక్కి తిప్పాడు. ఆ నిశ్శబ్దం మళ్ళీ వచ్చింది, కిర్రు వచ్చింది, పోయింది. ఉరుము వేలెత్తి ‘అదిగో’ అన్నాడు. అన్నయ్య మిగతావన్నీ ఆపేసి గిటారు మైకు ఒక్కటే పెట్టాడు, శబ్దం పెంచాడు. మేం చెవులు మూసుకున్నాం. అతను కంప్యూటరు తెర దగ్గరికి జరిగాడు. చప్పుడు లేని చోట గీత సాపుగా ఉండాలి. అక్కడ చిన్న చిన్న ముళ్ళు లేచి ఉన్నాయి. ముల్లు దగ్గరికి వచ్చినప్పుడల్లా మేం ముగ్గురం ఉలిక్కిపడుతున్నాం. అతను ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. అతనికి ఆ ముల్లు కనిపిస్తోంది, వినిపించడం లేదు.

తెరలు, పదును, స, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వదిన ముఖం చూస్తే ఆవిడకూ అంతే. “ఇంట్లో బెల్లు మోగితే లేవరు,” అంది మెల్లగా. “బద్ధకం అనుకున్నాను.”

అన్నయ్య కంప్యూటరు ఆపాడు. గిటారును పెట్టెలో పెట్టి, రెండు గొళ్ళాలూ వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. డాక్టరు మాటెత్తితే వదిన మీద ఇంతెత్తున లేచాడట. ఆవిడ గంభీరమైన గొంతు వినబడలేదని తప్పించుకునే అవకాశం ఎలాగూ లేదు కాబట్టి బయటికి వెళ్ళి కూర్చుంటున్నాడట. ఇక నేనే దుకాణంలో సెలవు పెట్టి షెడ్డుకు వెళ్ళాను.

గ్రైండరు తిరుగుతోంది. వెనక నిలబడి అన్నయ్యా అని పిలిచాను. పలకలేదు. ఈసారి కోపం రాలేదు. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. గ్రైండరు ఆపి నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళాడు. ఇనుప బద్దల మీద పక్కపక్కన కూర్చున్నాం.

“ఆ పాటలు తీసిపారెయ్ పిట్టా. చెవిటోడు చేసిన పాటలు ఎవడిక్కావాలి?” అన్నాడు.

“రోజూ నా దగ్గరికి ఎంతమంది వస్తారో తెలుసా, కళ్ళు కనబడట్లేదని? ఒక్కడైనా సిగ్గుపడతాడా? పైగా ఈ ఫ్రేము నాకు బాగుందా అని అద్దంలో చూసుకుని మురిసిపోతారు. నీకేం వచ్చింది?”

“కళ్ళు వేరు. నేను చేసేది సంగీతం.”

“ఇన్నాళ్ళూ నీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?”

అతను చేతులకంటిన నల్లటి పొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. “ఈ మధ్య జనం నోట్లో నోట్లో మాట్లాడుతున్నారనుకున్నా. అందరూ ఏదో నములుతూ మాట్లాడుతున్నట్టుండేది. మీ వదిన ఒక్కత్తే తిన్నగా మాట్లాడుతుందనుకున్నా.”

“నేనెన్నిసార్లు పిలిచినా పలకకపోతే, నా మాటంటే లెక్కలేదనుకున్నా.”

“నువ్వెప్పుడు పిలిచావ్?” అన్నాడు అన్నయ్య.

నిజంగానే తెలియక అడిగాడు. ఇన్నేళ్ళ నా అలకంతా ఆ ఒక్క ప్రశ్నతో కరిగిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముక్కు తుడుచుకుని అన్నాను. “సరే, అదంతా పోనీ. ఆ కిర్రు ఏంటో తెలుసా నీకు?”

“ఏదో గేటు అంది కదా మీ వదిన.”

“అమ్మ స్టూలు అన్నయ్యా.”

అతను నాకేసి వింతగా చూశాడు. “అది చప్పుడు చెయ్యదే.”

“ఎందుకు చెయ్యదు?”

“అమ్మ కూర్చున్నప్పుడు చేసేది. నేను తెచ్చుకున్నాక ఎంత కదిలినా చప్పుడు లేదు. మొదట్లో కావాలనే ఊగి చూశా.” పక్కనున్న ఇనుప బద్దను వేలితో తట్టాడు. “అమ్మతోపాటే అదీ ఆగిపోయిందనుకున్నా.”

అమ్మను పాటల్లో దాచుకున్నాడని నేను మురిసిపోతున్నాను. ఇతనేమో అమ్మ చప్పుడు పోయిందని, ఎవరికీ చెప్పకుండా ఆ స్టూలు మీదే కూర్చుని తొమ్మిది పాటలు కట్టాడు.

“ఆగలేదు. ఆరేళ్ళుగా నీ కిందే కిర్రుమంటూనే ఉంది,” అన్నాను. “నీకు తప్ప అందరికీ వినిపిస్తోంది.”

లోపల ఎవరో సుత్తితో ఇనుము చదును చేస్తున్నారు. అన్నయ్య లేచి ప్యాంటు దులుపుకుని, “ఆ చెవుల పరీక్ష ఎక్కడ చేస్తారు?” అని అడిగాడు.

పరీక్ష చేసే చోట అన్నయ్యను చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. బయట బల్ల దగ్గర ఉన్న అమ్మాయి చప్పుడు పంపినప్పుడల్లా ఆమె మిషను మీద చిన్న దీపం వెలిగేది. మొదట్లో దీపం వెలగడం, అన్నయ్య బొటనవేలు కదలడం ఒకేసారి జరిగాయి. చప్పుళ్ళు సన్నబడినకొద్దీ దీపం వెలుగుతోంది, వేలు కదలడం లేదు. వెలుగుతోంది, కదలడం లేదు. వదిన నా చెయ్యి పట్టుకుంది. లోపల అన్నయ్య పరీక్ష బాగా రాస్తున్న పిల్లాడిలా శ్రద్ధగా, ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ఉన్నమాట చెప్పింది. సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి, పోయినవి తిరిగిరావు. చెవులకు మిషన్లు పెట్టుకుంటే చాలావరకు వినబడతాయి. షెడ్డులో చెవులకు రక్షణ లేకుండా ఇక ఒక్క పూట కూడా పనిచేయకూడదు.

“సంగీతం?” అని అడిగాడు అన్నయ్య.

“వినబడుతుందండీ. మునుపటిలా ఉండదు, కొత్తగా ఉంటుంది. మీరే అలవాటు పడాలి.”

మిషన్లు వచ్చిన రోజున అన్నయ్యవాళ్ళింట్లో పెద్ద ప్రహసనం. ప్లాస్టిక్ సంచి విప్పితే ఏదో పగిలిందని ఉలిక్కిపడ్డాడు. నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూశాడు. తీరా అది అతని ప్యాంటు రాపిడే. “కాగితం ఇంత గోల చేస్తుందా?” అని పేపరు చదవడం మానేశాడు. బెల్లు మోగితే అందరికంటే ముందు పరుగెత్తి తలుపు తీశాడు. పక్కింటావిడ ఏదో అడగడానికి వచ్చింది. ఆవిడకంతటి స్వాగతం జన్మలో దొరికి ఉండదు.

ఆదివారం మళ్ళీ పరుపుల దుకాణం మెట్లెక్కాం. అన్నయ్య గది మధ్యలో నిలబడి మొదటి పాట పెట్టాడు. సగం కూడా కాకముందే ముఖం వికారంగా పెట్టి ఆపేశాడు.

“ఎవడ్రా ఇది మిక్స్ చేసింది? చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది!”

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. అతనూ నవ్వాడు. అతను నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

నవ్వినంత తేలిక కాదు తర్వాతి పని. మిషనులోంచి వినిపించేది అసలైనదో, మిషను కల్పించినదో అతనికి నమ్మకం కుదరలేదు. ఒక్కో చప్పుడు దగ్గరా ఆగిపోయి తల పట్టుకున్నాడు. అప్పుడు నా ఉద్యోగం అక్కరకొచ్చింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పదును కొంచెం తగ్గించి ఒకటి, ఇంకొంచెం తగ్గించి ఒకటి వినిపించి, దుకాణంలో అడిగినట్టే అడిగాను.

“ఇదా, అదా?”

“మొదటిది.”

“ఇప్పుడు? ఇదా, అదా?”

“రెండూ ఒకటే.”

“రెండూ ఒకటే అన్నారంటే నంబరు కుదిరినట్టు. దుకాణంలోనైతే ఇక్కడే రాసేస్తాం,” అన్నాను.

అతను చెప్పింది నా చెవితో సరిచూసేదాన్ని. తేడా వస్తే వదినను పిలిచేవాళ్ళం. ఒకప్పుడు తన మాటే వేదమన్న మనిషి ఇప్పుడు ‘నీకెలా ఉంది?’ అని ఉరుమును కూడా అడుగుతున్నాడు. ఉరుముకు నిద్ర పూర్తిగా ఎగిరిపోయింది. అభిప్రాయం అడిగితే ఇంత మెలకువ వస్తుందని తెలిస్తే ఎప్పుడో అడిగేవాళ్ళం. అలా కొన్ని ఆదివారాలకు ఎనిమిది పాటలూ మళ్ళీ మసి రంగులోకి వచ్చాయి. నా బుసలన్నీ అణిగాయి. తెరలు సగానికి కట్టుకున్నాం, మా ముచ్చట కోసం.

ఒక్కటి మాత్రం నేను గమనిస్తూనే ఉన్నాను. ఇన్ని వారాల్లోనూ అన్నయ్య స్టూలు మీద కూర్చోలేదు. కుర్చీలో కూర్చున్నాడు, నిలబడ్డాడు, ఒకసారి నేలమీద కూడా కూర్చున్నాడు. స్టూలు మూలన తెర పక్కన ఉంది. వినపడకపోతే ఏమవుతుందోనని అతని భయం. ఆ భయం నాకూ ఉంది. ఎనిమిది పాటల్లోని కిర్రులను తాకకుండా ఉంచాడు గానీ అవి వచ్చినప్పుడు పెదవి బిగించి కిటికీలోంచి బయటికి చూసేవాడు. స్పీకరులోంచి వచ్చేది వేరు, తన కిందనుంచి రావాల్సింది వేరు.

తొమ్మిదో పాట రోజు వచ్చింది. ఇక తప్పదు. అన్నయ్య తానే వెళ్ళి స్టూలు తెచ్చి మైకు ముందు వేశాడు. ఉరుము కర్రలు చేతుల్లో పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. వదిన గిటారు తీగల మీద అరచెయ్యి వేసి మోగకుండా ఆపింది. అన్నయ్య మెల్లగా కూర్చున్నాడు. ఏమీ లేదు. గిటారు ఒళ్ళోకి తీసుకుని కొంచెం ముందుకు వంగాడు.

కిర్రు.

అన్నయ్య కదలకుండా ఉండిపోయాడు. తర్వాత వెనక్కి ఒరిగాడు. కిర్రు. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి, పెడలు తొక్కుతున్నట్టు. గిటారు మీద తల ఆనించుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మేం ఎవరం దగ్గరికి వెళ్ళలేదు. ఏడుస్తూ కూడా అతను ఊగడం ఆపలేదు.

కాసేపటికి ఉరుము, పాపం ఏదో ఒకటి చేయాలనిపించి, సంచిలోంచి డ్రమ్ము పెడలుకు వేసే నూనెడబ్బా తీశాడు. “కొంచెం నూనె వెయ్యనా అన్నా?”

“దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా,” అన్నాడు అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ.

వాయించడానికి సిద్ధమయ్యాం. నేను పాడే చోటు అతని వెనకాల, తెర మూలన. అక్కడినుంచి అతని వీపు, చెవి వెనక ఆ చిన్న మిషను మాత్రమే కనిపిస్తాయి. రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. అతను స్టూలు మీద ఊగుతూ తాళం చూసుకుంటున్నాడు. ఎందుకో ఆగలేకపోయాను. నా మామూలు గొంతుతో, పెంచకుండా పిలిచాను.

“అన్నయ్యా.”

“ఊఁ, చెప్పు పిట్టా,” అన్నాడు, తల తిప్పకుండానే.

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. “ఏం లేదు, ఊరికే,” అన్నాను.

అతను నవ్వి, ముందుకు వంగి గిటారు ఎత్తుకున్నాడు. ఆ మాటలు చెరిపేద్దామని తర్వాత నేనంటే వదిన ఒప్పుకోలేదు. ఆల్బమ్‌లో తొమ్మిదో పాట అక్కడినుంచే మొదలవుతుంది.